వాల్వు తీయమంటే తెరవాలా, ఊడదీయాలా? సాంకేతిక సిబ్బంది నడుమ వాడుక మాటలు

సంక్షిప్తంగా

సాంకేతిక పనిలో వాడుక మాట మాట్లాడటం దానికదే తప్పు కాదు. ఒకే బృందంలో, ఒకే యంత్రం ముందు నిలబడిన ఇద్దరి మధ్య యాస మాట కూడా కచ్చితంగానే పనిచేస్తుంది. అదే మాట ఒక షిఫ్టు నుంచి మరో షిఫ్టుకు, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి, తెలుగు సంభాషణ నుంచి ఇంగ్లిషు రికార్డుకు మారేటప్పుడు అర్థంలో కొంత జారిపోతుంది. జారిపోయేది ఏమిటో, విమానయానం, ఓడల రాకపోకలు, రైల్వే, వాతావరణ శాఖ ఆ జారుడును ఎలా అరికట్టాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఒక క్రియ, రెండు పనులు

తలుపు తీయమంటే తెరవడం. ఫ్యూజు తీయమంటే దాన్ని ఊడబెరికి పక్కన పెట్టడం. స్విచ్ తీసేయమంటే కరెంటు ఆపడం. ఈ మూడింటిలోనూ క్రియ ఒక్కటే అయినా తెలుగు వచ్చిన ఎవరికీ ఇబ్బంది కలగదు, ఎందుకంటే పక్కనున్న వస్తువు పేరే అర్థాన్ని తేల్చేస్తుంది. అయితే వాల్వు తీయమన్నప్పుడు వస్తువు పేరు ఆ సాయం చేయలేదు. ప్యానెల్ దగ్గర కూర్చునే ఆపరేటరుకు అది ప్రవాహాన్ని వదలమని వినిపిస్తుంది. స్పానర్లతో వచ్చిన మెయింటెనెన్స్ ఫిట్టరుకు అదే మాట బోల్టులు విప్పి వాల్వును బయటకు తీయమని వినిపిస్తుంది. ఇద్దరిలో ఎవరి తెలుగులోనూ లోపం లేదు. ఎవరి పని అలవాటును బట్టి వారు అర్థం చేసుకున్నారు.

ఇంగ్లిషు మాట వాడితే ఈ చిక్కు పోతుందన్న నమ్మకం చాలా కార్యాలయాల్లో ఉంది. అది నిజం కాదు. వాల్వు ‘ఓపెన్’ అయితే ప్రవాహం మొదలవుతుంది, సర్క్యూట్ బ్రేకర్ ‘ఓపెన్’ అయితే కరెంటు ఆగిపోతుంది. పైపుల మధ్య పనిచేసేవారికి ‘క్లోజ్’ అంటే భద్రత, విద్యుత్ విభాగంవారికి ‘క్లోజ్’ అంటే సరఫరా వచ్చేసిందని హెచ్చరిక. ఈ రెండు విభాగాలవారూ ఒకే పంపు దగ్గర కలిసి పనిచేసే సందర్భాలు ప్రతి కర్మాగారంలోనూ ఉంటాయి కాబట్టి, ఇది భాషను మార్చినంత మాత్రాన తీరే సమస్య కాదు. మాటకు అర్థాన్ని ఇచ్చే చుట్టుపక్కల సమాచారం ఎంతవరకు వెంట వస్తుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నదే అసలు ప్రశ్న.

విశాఖలో ఈ చిక్కు ఎందుకు పెరుగుతుంది

విశాఖపట్నం ఒకే రకం పరిశ్రమతో ఎదిగిన నగరం కాదు. ఓడరేవు 1933లో ప్రారంభమైంది, నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో పునాది పడింది, చమురు శుద్ధి కర్మాగారం 1957లో వచ్చింది. ఆ తర్వాత ఉక్కు కర్మాగారం, పరవాడ ఫార్మా సిటీ, రుషికొండ మీద సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు చేరాయి. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. ఒక్కో రంగం తనదైన పదజాలాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఉత్తరాంధ్ర తెలుగుతో పాటు హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే కార్మికులూ ఇంజినీర్లూ ఒకే గేటు లోపల పనిచేస్తారు.

దీని ఫలితంగా ఒకే మాట నగరంలో నాలుగు చోట్ల నాలుగు అర్థాలతో తిరుగుతుంది. ‘ప్రొడక్షన్’ అంటే కర్మాగారాలున్న గాజువాక వైపు ఆ రోజు తయారైన సరుకు, రుషికొండ మీద మాత్రం వినియోగదారులు వాడుతున్న సజీవ సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. కర్మాగారానికి సాఫ్ట్‌వేర్ సేవలు అందించే బృందం ‘ప్రొడక్షన్ కాసేపు ఆపుతాం’ అని సందేశం పంపితే, దాన్ని చదివిన ప్లాంటు మేనేజరుకు గుండె ఆగినంత పని అవుతుంది. ‘డ్రాఫ్ట్’ అంటే కార్యాలయంలో ముసాయిదా, నౌకానిర్మాణంలో నీటిమట్టం కింద ఓడ మునిగి ఉండే లోతు. ‘రిలీజ్’ అంటే మందుల కర్మాగారంలో నాణ్యతా విభాగం ఆ బ్యాచ్‌ను అమ్మకానికి అనుమతించడం, సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్‌ను విడుదల చేయడం.

వీటన్నిటికంటే లోతైన ఉదాహరణ ‘లైన్ క్లియర్’. రైల్వేలో స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇచ్చారంటే ఆ సెక్షన్, అంటే రెండు స్టేషన్ల మధ్య దారి, ఖాళీగా ఉందని, రైలు రావచ్చని అర్థం. విద్యుత్ పంపిణీలో లైన్‌మన్ లైన్ క్లియర్, అంటే వాడుకలో ఎల్‌సీ, తీసుకున్నాడంటే ఆ తీగలో కరెంటు ఆపేశారని, అతను పని ముగించి తిరిగి అప్పగించేవరకు సరఫరా రాకూడదని అర్థం. ఒకచోట ఆ మాట రాకకు అనుమతి, ఇంకోచోట రాకకు నిషేధం. రెండు రంగాలూ తమ లోపల ఈ మాటను ఎంతో నిష్ఠగా వాడతాయి. రైల్వేలో పక్కపక్క స్టేషన్ల మాస్టర్లు ‘ప్రైవేట్ నంబరు’ మార్చుకుని మరీ హామీని ధ్రువీకరించుకుంటారు. అంత నిష్ఠ ఉన్న మాట కూడా తన రంగం గడప దాటితే తలకిందులవుతుంది. పైగా, కరెంటు కుర్రాళ్లు ‘ఎల్‌సీ ఇచ్చారు’, ‘లైను ఇచ్చారు’ అనే రెండు మాటల్నీ అదే ఊపులో అంటారు. మొదటిదానికి సరఫరా ఆగిందని, రెండోదానికి సరఫరా వచ్చిందని అర్థం.

యాస వేరు, అస్పష్టత వేరు

వాడుక మాటను మొత్తంగా తప్పుపట్టేవారు సాధారణంగా రెండు విషయాలను కలిపేస్తారు. మాట మర్యాదగా, పుస్తకపు భాషలో ఉందా లేదా అన్నది ఒక లెక్క. దానికి ఒకే అర్థం ఉందా, పలు అర్థాలున్నాయా అన్నది మరో లెక్క. క్రేన్ల దగ్గర, డెక్కుల మీద బరువులెత్తే పనిచేసే భారతీయ రిగ్గర్లు ‘హబేస్’ అంటే పైకెత్తమని, ‘ఆరియా’ అంటే దించమని వాడతారు. పాతకాలపు నావికుల నోళ్లలో నలిగి వచ్చిన మాటలివి. ‘ఆరియా’ పోర్చుగీసు నుంచి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించని ఈ యాస మాటలకు రెండో అర్థం లేదు, ఒకదానితో మరొకటి ధ్వనిలో కలవదు, తెలుగువాడైనా బిహారీ అయినా ఒకే విధంగా స్పందిస్తాడు. సాంకేతిక భాషకు కావలసిన గుణాలన్నీ వీటికి ఉన్నాయి.

దీనికి భిన్నంగా ‘వదిలేయ్’ అనే మాట చూడవచ్చు. ఉత్తరాంధ్రలో ఇదే ‘ఒగ్గేయ్’. తాడు పట్టుకున్న మనిషితో అంటే చేయి విడవమని, అనవసరంగా ఏదో కెలుకుతున్న మనిషితో అంటే దాని జోలికి వెళ్లవద్దని. ఒకటి వెంటనే చేయవలసిన పని, మరొకటి ఏమీ చేయకుండా ఉండటం. బరువు వేలాడుతున్న చోట ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. ఈ మాట శిష్టమైనదే, నిఘంటువుల్లో ఉన్నదే. అయినా ‘హబేస్’ కంటే ప్రమాదకరమైనది.

ఇంగ్లిషు రికార్డులో జారిపోయే తెలుగు

విశాఖలోని చాలా కర్మాగారాల్లో, కార్యాలయాల్లో మాట తెలుగులో నడుస్తుంది, రాత ఇంగ్లిషులో సాగుతుంది. ఈ మార్పిడిలో ఏమి పోతుందన్నది తగినంతగా చర్చకు రాని విషయం. తెలుగు అస్పష్టమైనదని, ఇంగ్లిషు కచ్చితమైనదని ఉన్న అభిప్రాయం ఇక్కడ తారుమారవుతుంది.

మొదటిది ‘మనం’, ‘మేము’. వినేవారిని కలుపుకుంటే మనం, మినహాయిస్తే మేము. ఇంగ్లిషులో రెండింటికీ ‘వి’ ఒక్కటే. ‘మేము రేపు సర్వరు మారుస్తాం’ అని ఒక బృందం సమావేశంలో చెప్పినప్పుడు బాధ్యత ఎవరిదో స్పష్టం. మినిట్స్‌లోకి, అంటే సమావేశపు రికార్డులోకి, అది ‘వి విల్ చేంజ్’ అని ఎక్కిన తర్వాత చదివే మూడో బృందానికి ఆ గీత కనిపించదు. ‘మనం చూద్దాం’ అన్నది ఇంకా జటిలం. తెలుగులో అది తరచుగా విషయాన్ని మర్యాదగా వాయిదా వేయడం. రికార్డులో ‘పరిశీలించబడును’ అన్న అర్థంతో నమోదై, ఎవరి పేరూ లేని హామీగా మిగిలిపోతుంది.

రెండోది ‘ట’. ‘పంపు బాగుచేశారు’ అన్న వాక్యానికి, ‘పంపు బాగుచేశారట’ అన్న వాక్యానికి మధ్య ఒక్క అక్షరమే తేడా. మొదటిది చెప్పేవారు తామే బాధ్యత తీసుకుంటున్న సమాచారం, రెండోది విన్నమాట. ఇంత చిన్న గుర్తుతో సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగల వీలు ఇంగ్లిషుకు లేదు. అక్కడ దానికోసం ఒక ఉపవాక్యం ప్రత్యేకంగా చేర్చాలి. హడావుడిలో లాగ్‌బుక్ నింపే చేయి ఆ ఉపవాక్యాన్ని వదిలేస్తుంది. విన్నమాట చూసినమాటగా మారిపోతుంది. తర్వాతి షిఫ్టు దాన్ని తనిఖీ చేసిన విషయంగానే తీసుకుంటుంది. నోటిమాటలో ఉన్న జాగ్రత్త రాతలో లేకపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అయితే తెలుగులోనూ గుంటలున్నాయి. ‘ఆపవచ్చు’ అంటే ఆపడానికి అనుమతి ఉందనా, ఆపగలిగే వీలుందనా, అది తనంతట తానే ఆగే అవకాశముందని అనుకోవాలా అన్నది వాక్యం బట్టి, గొంతు బట్టి తేలాలి. ‘ఫిల్టరు మార్చాలి’ అన్నప్పుడు ఎవరు, ఎప్పటిలోగా అన్నది ఉండదు. తెలుగు వాక్యం కర్త లేకుండానే నిండుగా నిలబడుతుంది. ‘రీస్టార్ట్ చేశారు’ అంటే ఒక్కరా, పలువురా, గౌరవార్థమా అన్నది కూడా తెలియదు. ఎదురెదురుగా ఉన్నప్పుడు ఈ ఖాళీలను చూపు పూరిస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఆ చూపు ఉండదు.

ఎదురు దిశలో కూడా ఇదే జరుగుతుంది. మన కార్యాలయాల ఇంగ్లిషులో ‘రివర్ట్’ అంటే జవాబివ్వడం. సాఫ్ట్‌వేర్ బృందాల్లో అది చేసిన మార్పును వెనక్కి తీసుకోవడం. ‘దయచేసి ఈరోజు రివర్ట్ చేయండి’ అన్న ఈమెయిల్‌ను విదేశంలోని సహోద్యోగి రెండో అర్థంలో తీసుకుంటే బాగా నడుస్తున్న ప్రోగ్రాం ఆగిపోతుంది. సందేహం అడగడానికి వాడే ‘డౌట్’ బయటివారికి అపనమ్మకంగా వినిపిస్తుంది.

కొంచెం అంటే ఎంత

పరిమాణాన్ని, సంభావ్యతను చెప్పే వాడుక మాటల్లో నష్టం మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది, ఎందుకంటే విన్నవారు తమకు అర్థమైందనే అనుకుంటారు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. యూనిట్‌ను తిరిగి ప్రారంభించే క్రమంలో ఒక టవరును పరిమితికి మించి నింపడం ప్రమాదానికి దారితీసింది. దర్యాప్తు బయటపెట్టిన అనేక లోపాల్లో షిఫ్టు మార్పిడి ఒకటి. రాత్రి షిఫ్టు లాగ్‌బుక్‌లో మిగిల్చింది ఒకే ఒక వరుస. యూనిట్‌లోకి ‘కొంత’ ద్రవం తెచ్చినట్లు అందులో ఉంది. ఎంత తెచ్చారు, ఏ పరికరాల్లో నిండింది, తర్వాత ఏ పద్ధతిలో కొనసాగించాలి అన్నవి లేవు. రాసినవారికి ఆ ‘కొంత’ ఎంతో తెలుసు. తెలిసినవారికి ఆ మాట చాలినంతగా కనిపించడమే దాని ప్రమాదం.

సంభావ్యత విషయంలో ప్రసిద్ధమైన ఉదాహరణ 1951 నాటిది. ఆ ఏడాది యుగోస్లావియాపై దాడి జరగడానికి ‘గట్టి అవకాశం’ ఉందని అమెరికా గూఢచార సంస్థ నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక తయారుచేసిన బృందంలోని షెర్మన్ కెంట్ మనసులో ఆ మాటకు సుమారు 65 శాతం అన్న లెక్క ఉంది. తర్వాత సహచరులను విడివిడిగా అడిగితే, ఒకే నివేదికను కలిసి ఆమోదించిన ఆ మనుషుల లెక్కలు 20 శాతం నుంచి 80 శాతం వరకు పరచుకున్నాయి. అభిప్రాయభేదం ఉన్నట్లు వారిలో ఎవరికీ తెలియదు. మాట ఒక్కటే కావడం వల్ల ఏకాభిప్రాయం కుదిరినట్లు కనిపించింది. ‘దాదాపు అయిపోయినట్టే’ అని ప్రతి వారం సమావేశంలో వినిపించే మాటకూ ఇదే స్వభావం ఉంది. కోడ్ రాసినవారికి అది రాయడం ముగిసిందని, పరీక్షించేవారికి పరీక్షకు సిద్ధమని, మేనేజరుకు కస్టమరుకు చెప్పేయవచ్చని.

దీనికి విరుగుడు మన కళ్లముందే, విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లలో కనిపిస్తుంది. ఇళ్లలో గాలివాన అనే మాట ఎంత వదులుగానైనా వాడుకోవచ్చు. బులెటిన్‌లో మాత్రం గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగంతో ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను. వాన కూడా అంతే. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ. రేవుల్లో ఎగరవేసే హెచ్చరికలకు 1 నుంచి 11 వరకు నంబర్లున్నాయి. ‘తీవ్ర’, ‘అతి’ అన్నవి మామూలు తెలుగు మాటలే. వాటి వెనుక అంకె పెట్టడం వల్ల అవి పారిభాషిక పదాలయ్యాయి. భీమిలి జాలరి, ఓడ కెప్టెన్, కలెక్టరేట్ ఉద్యోగి ఒకే మాటను ఒకే కొలతగా అర్థం చేసుకుంటున్నారంటే అది దశాబ్దాల పాటు మాటను అంకె నుంచి విడదీయకపోవడం వల్ల సాధ్యమైంది. ఈ పద్ధతి కర్మాగారాల లోపలికి పూర్తిగా రాకపోవడం విచారించదగ్గ విషయం.

మర్యాద కప్పేసే ప్రమాదం

కింది ఉద్యోగి పై అధికారితో మాట్లాడేటప్పుడు తెలుగు మర్యాద మాటను మెత్తబరుస్తుంది. ‘ప్రెషరు పరిమితి దాటింది, యూనిట్ ఆపండి’ అనవలసిన చోట, ‘సార్, ప్రెషరు కొంచెం ఎక్కువున్నట్టుంది, ఒకసారి చూస్తారా అండీ’ అని వినిపిస్తుంది. ఇందులో ‘కొంచెం’ పరిమాణం కాదు, వినయం. ‘ఉన్నట్టుంది’ అనుమానం కాదు, గౌరవం. ‘ఒకసారి’ అంకె కాదు. తెలుగు సమాజంలో పెరిగిన అధికారి దీన్ని సరిగానే విప్పుకుంటాడు, తీరిక ఉంటే. ఒత్తిడిలో ఉన్నవాడు, లేదా ఈ మర్యాద తెలియని బయటి ఇంజినీరు, పైకి కనిపించే అర్థాన్నే తీసుకుంటాడు. అలా తీసుకోవడాన్ని అతని తప్పుగా చూడటం న్యాయం కాదు.

ఇది తెలుగువారికే పరిమితమైన సంగతి కాదు. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్లిన అవియాంకా 52వ విమానం ఇంధనం అయిపోయి కూలింది. అందులోని 158 మందిలో 73 మంది చనిపోయారు. సిబ్బంది కంట్రోలర్లకు తమకు ‘ప్రాధాన్యం’ కావాలన్నారు, ఇంధనం అయిపోతోందని కూడా చెప్పారు. ‘ఎమర్జెన్సీ’ అన్న మాట మాత్రం అనలేదు. కంట్రోలర్ల విధానంలో వెంటనే దారి ఇప్పించే మాట అది. కనీస ఇంధనం, అత్యవసర ఇంధనం అన్న స్థితులకు అందరికీ తెలిసిన ప్రామాణిక పదాలు లేకపోవడాన్ని కూడా దర్యాప్తు సంస్థ కారణాల్లో చేర్చింది.

‘సరే’, ‘ఓకే’ అన్నవి మరో పార్శ్వం. తెలుగులో ‘ఆఁ’, ‘సరే’, ‘అలాగేనండి’ అన్నవి విన్నానని, ఒప్పుకున్నానని, చేస్తానని చెప్పడానికి మూడింటికీ పనికొస్తాయి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయిన ప్రమాదంలో ఈ చిన్న మాట పాత్ర ఉంది. వాటిలో ఒకటైన, నెదర్లాండ్స్‌కు చెందిన కేఎల్ఎం విమానం నుంచి ‘మేం ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అన్న అర్థం వచ్చే వాక్యం వినిపించింది. టేకాఫ్ స్థానంలో ఆగి ఉన్నామనా, టేకాఫ్ మొదలుపెట్టామనా అన్నది ఆ వాక్యంలో లేదు. డచ్ భాషలోని వాక్య నిర్మాణం ఇంగ్లిషులోకి జారిందని కొందరు భాషా పరిశోధకులు వివరించారు. తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులో రాసే ప్రతి ఒక్కరికీ ఇది దగ్గరి విషయమే. కంట్రోలర్ ‘ఓకే’ అన్నాడు. ఆ వెంటనే ఆగి ఉండమని అతను చెప్పిన మాట, అదే క్షణంలో రెండోదైన పాన్ ఆమ్ విమానం కూడా మాట్లాడటంతో రేడియో రొదలో కలిసిపోయింది. ఆ తర్వాత విమానయానంలో ‘టేకాఫ్’ అనే పదాన్ని ఆ అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలని నిర్ణయించారు. మిగతా సందర్భాలకు ‘డిపార్చర్’ వచ్చింది. ఆదేశానికి ‘ఓకే’ సరిపోదు, ఆదేశాన్ని తిరిగి చదివి వినిపించాలి.

నేటి కార్యాలయంలో ఆ ‘ఓకే’ స్థానాన్ని బొటనవేలి గుర్తు ఆక్రమించింది. చూశానని పెట్టారా, చేస్తానని పెట్టారా, చేసేశానని పెట్టారా తెలియదు. 2023లో కెనడాలోని సస్కాచెవాన్ న్యాయస్థానం, అవిసె గింజల ఒప్పందం ఫోటోకు ఒక రైతు జవాబుగా పెట్టిన బొటనవేలి గుర్తును అంగీకారంగానే పరిగణించి, సరుకు ఇవ్వనందుకు సుమారు 82 వేల కెనడా డాలర్ల పరిహారం కట్టమంది. ఒప్పందం అందిందని చెప్పడానికే ఆ గుర్తు పెట్టానన్నది ఆ రైతు వాదన.

‘ఇందులో ఏముంది’

అర్థం జారిపోవడం ఒక రకం నష్టమైతే, ప్రశ్న అడిగే ధైర్యాన్ని పోగొట్టడం మరో రకం. ‘సింపులే’, ‘జస్ట్ ఇది మార్చు చాలు’, ‘ఇందులో ఏముంది’ అన్న మాటలు సాధారణంగా ధైర్యం చెప్పడానికే అంటారు. కొత్తగా చేరిన ఉద్యోగికి ఆ పని కష్టంగా తోస్తే, కష్టం పనిలో కాక తనలో ఉందని ఆ మాటలు చెబుతాయి. అడగవలసిన ప్రశ్న అడగకుండానే ఉండిపోతుంది.

తెలిసినవారికి ఎందుకు అంత సులువుగా కనిపిస్తుందో 1990లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం చూపింది. అందరికీ తెలిసిన పాటల దరువును ఒకరు బల్లపై వేలితో కొడితే, ఎదుటివారు ఆ పాటను గుర్తుపట్టాలి. సగం పాటలు గుర్తుపడతారని దరువు వేసినవారు ఊహించారు. 120 పాటల్లో గుర్తుపట్టినవి 3 మాత్రమే. దరువు వేసేవారి తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవారికి టకటకలు తప్ప ఏమీ వినపడవు. సీనియర్ల నోట వచ్చే పొడి మాటలు జూనియర్లకు చాలావరకు ఇలాగే అందుతాయి.

ఇతర రంగాలు గీసుకున్న గీతలు

ఈ సమస్యను ఎదుర్కొన్న రంగాలు వాడుక భాషను నిషేధించలేదు. ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో గీత గీశాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1981లో తెచ్చిన నిబంధన ప్రకారం సాధారణంగా 10,000 అడుగుల ఎత్తు లోపు కాక్‌పిట్‌లో పనికి అవసరం లేని సంభాషణ ఉండకూడదు. ఆ ఎత్తు దాటిన తర్వాత కబుర్లకు అడ్డులేదు.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక వాక్యాల సంపుటి విశాఖ రేవుకు వచ్చే ప్రతి ఓడకూ సంబంధించినదే. అందులో సందేశానికి ముందు అది ఏ రకమో చెప్పే 8 గుర్తులున్నాయి: ఆదేశం, సలహా, హెచ్చరిక, సమాచారం, ప్రశ్న, జవాబు, అభ్యర్థన, ఉద్దేశం. ‘వచ్చు’ అనే అర్థాన్నిచ్చే ఇంగ్లిషు క్రియలు అనుమతిని, అవకాశాన్ని కలిపేస్తాయి కాబట్టి వాటిని వాడవద్దంటుంది. కాలువలోకి రావచ్చా అని అడగకూడదు. ముందు ‘ప్రశ్న’ అని చెప్పి, ప్రవేశించడానికి నాకు అనుమతి ఉందా అని అడగాలి. పైన చూసిన ‘ఆపవచ్చు’ సందిగ్ధానికి ఇది సూటి జవాబు.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారు మరో దారి పట్టారు. 1997లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం ‘తప్పనిసరి’, ‘చేయడం మంచిది’, ‘ఐచ్ఛికం’ అన్న అర్థాలిచ్చే ఇంగ్లిషు మాటలకు కచ్చితమైన బరువును నిర్ణయించింది. అవే మాటలు మామూలు అర్థంలో కూడా వాక్యాల్లో వస్తుండటంతో గందరగోళం కొనసాగింది. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 వచ్చి, పెద్ద అక్షరాల్లో (క్యాపిటల్స్) రాసినప్పుడు మాత్రమే ఆ ప్రత్యేకార్థం వర్తిస్తుందని తేల్చింది. రోజువారీ మాటను పారిభాషిక పదంగా మార్చాక కూడా దాని పాత అర్థం పోదని దీన్ని బట్టి తెలుస్తుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి ఆ దారి మనకు లేదు. మాటనే మార్చాలి, లేదా పక్కన అంకె వేయాలి.

ప్రామాణిక భాషకూ ఖర్చుంది. ఆ భాష రాని కాంట్రాక్టు కార్మికుడు తప్పుగా మాట్లాడతానన్న భయంతో మౌనంగా ఉంటే, యాసలో వచ్చిన హెచ్చరిక కంటే ఆ మౌనం చేసే నష్టం ఎక్కువ. అందుచేత మాటకు స్వేచ్ఛ ఉంచి, మార్పిడి జరిగే చోట నియమం పెట్టడమే ఆచరణకు దగ్గరగా ఉంటుంది. విన్న సూచనను తిరిగి చెప్పడం అందులో మొదటిది. ‘వాల్వు తీయ్’ అన్న మాటకు ‘సరే’ అని కాకుండా ‘3వ వాల్వు తెరుస్తున్నా’ అని జవాబు వస్తే, తప్పు అర్థం చేసుకుని ఉంటే చేయి కదలకముందే బయటపడుతుంది. రాత్రి 10 గంటలకు ఎక్కి తెల్లవారి 6 గంటలకు దిగే సీ షిఫ్టులో ‘రేపు’ అన్న మాట అర్ధరాత్రి దాటగానే మరో రోజును సూచిస్తుంది కాబట్టి, లాగ్‌బుక్‌లో తేదీ, గంట రాయాలి.

షిఫ్టు నోట్‌ను ఇంగ్లిషులోనే రాయాలన్న అలవాటును కూడా ఇదే కోణంలో పునఃపరిశీలించవచ్చు. చదివేవారిలో తెలుగు రానివారు ఉన్నచోట ఇంగ్లిషు తప్పదు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఇద్దరూ తెలుగువారైన చోట, ఫోనులో తెలుగు టైపు చేయడం అందరికీ అందుబాటులో ఉన్న ఈ కాలంలో, ‘2వ పంపు సీల్ మార్చారట, మేము నడిపి చూడలేదు’ అన్న ఒక్క వాక్యం విన్నదేదో, చూడనిదేదో, ఆ ‘మేము’లో తర్వాతి షిఫ్టు లేదన్న సంగతినీ కలిపి అందిస్తుంది. తర్వాతి షిఫ్టువారు ముందుగా ఏ పంపు దగ్గరకు వెళ్లాలో ఆ వాక్యంలోనే ఉంది.